సున్నా గుండ్రంగా ఉందా, వదినా?

తను కుట్టిన బట్టను తనే విప్పేసి దెబ్బలాట గెలిచిన మనిషిని వదినగారు తన జన్మలో ఒక్కర్తినే చూసింది. ఆ మనిషి ఆవిడ తమ్ముడి పెళ్ళాం.

అప్పటికి ఇద్దరికీ జుట్టు నల్లగానే ఉంది. సందు చివర ముందుగదిలో కుట్టుకొట్టు, గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గుండీలు కుట్టే పని వదినగారిది, లోపల బల్ల దగ్గర కత్తిరించే పని మరదలిది. ఒకరోజు నగల కొట్టువాడి భార్య వచ్చి, కొత్తగా కుట్టించుకున్న పూలగౌను అద్దంలో ముందూ వెనకా చూసుకుని, కొట్టు నిండా గిరాకీ ఉండగా ఒక మాట వదిలింది.

"గౌను బాగానే ఉందిలే. నేనిచ్చిన గుడ్డకి ఇంకో చేతుల్లేని జాకెట్టు రావాలి. అదేదీ?"

"మిగిలింది గుప్పెడు పీలికలండీ. సంచిలోనే వేసిచ్చాను."

"గుప్పెడా! కత్తెర పట్టినవాళ్ళ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

వదినగారు గుమ్మం దగ్గర్నుంచే మరదలికి కనుసైగ చేసింది, పోనియ్యవే, గిరాకీ పోతుంది అని. మరదలు ఆ సైగ చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. "ఒక్కసారి విప్పి ఇవ్వండి" అని తెర వెనకనుంచి గౌను తీయించి, బల్ల మీద పరిచి, బ్లేడు తీసుకుంది. మెడ విప్పింది. చేతులు విప్పింది. పక్కకుట్లు, నడుము కుట్టు, అంచు మడత అన్నీ విప్పింది. వదినగారి గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. గిరాకీ వాళ్ళు ఒక్కరూ కదల్లేదు. అన్ని ముక్కలూ విడిపోయాక, సంచిలో పీలికలు కూడా బోర్లించి, సగం పువ్వు పక్కన దాని మిగతా సగం పువ్వు వచ్చేలా, ఆకు పక్కన ఆకు వచ్చేలా పేర్చుకుంటూ పోయింది. చివరికి బల్ల మీద గౌను లేదు. తానులోంచి చింపుకొచ్చిన రోజున ఎలా ఉందో అలాగే గుడ్డ ఉంది, మధ్యలో వేలు దూరే సందు లేకుండా.

"ఇదిగోనమ్మా మీ గుడ్డ. కొలుచుకోండి."

నగలావిడ మొహం గుమ్మడికాయ దొంగలా అయింది. భుజాలు తడుముకోవడానికి గౌను కూడా ఒంటి మీద లేదు పాపం.

"సరేలే, నమ్మాను. మళ్ళీ కుట్టెయ్యి."

"ఎవరైనా నమ్మి కుట్టించుకుంటారు. మీరు కుట్టించుకుని నమ్ముతున్నారు. మూట కట్టుకుని వెళ్ళండి, తీరిగ్గా చూద్దాం."

ఆవిడ వెళ్ళాక వదినగారు ఊరుకుందా? "నీకు బుర్రుందా? రెండ్రోజుల కష్టం బ్లేడుతో చీరేశావు. గెలిచి ఏం మూట కట్టుకున్నావు? ఆ మూట కూడా ఆవిడే పట్టుకుపోయింది" అని దులిపేసింది. మరదలు దారప్పోగులు ఏరుకుంటూ, "దొంగబట్ట అనిపించుకున్నాక అది ఒంటి మీదుంటే ఏంటి, బల్ల మీదుంటే ఏంటి వదినా" అంది. నగలావిడ వారం తిరక్కుండా మూటతో తిరిగొచ్చి బతిమాలుకుంది. ఆ రోజునుంచి సందులో అందరూ మరదల్ని కత్తెరమ్మ అన్నారు. ఈవిడ ఎలాగూ కత్తెరమ్మకి వదినే కాబట్టి, ఊరందరికీ వదినగారే అయి కూర్చుంది.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ రాజుగారు ఎవరో గాని, కత్తెరమ్మతో ఒక్కపూట కాపురం చేసి ఉంటే సామెత ఇంకా గట్టిగా చెప్పేవారు. వదినగారు ఒకే కప్పు కింద ముప్ఫై ఏళ్ళు కాపురం చేసింది. తమ్ముడు పోయాక కూడా చేసింది. ఇద్దరూ పొద్దున లేస్తే కాట్లాడుకుంటారు, మధ్యాహ్నం కలిసి తింటారు, మళ్ళీ కాట్లాడుకుంటారు. కొత్తగా కాపురానికొచ్చిన కత్తెరమ్మ కోడలు మొదటివారం భయపడి, మొగుడితో "వీళ్ళకి పడదా?" అనడిగిందట. వాడు, "పడకపోతే మాట్లాడుకోరు, నువ్వు మాటలు ఆగినప్పుడు నాకు కబురు చెయ్యి" అన్నాడట. వాడు లారీ మీద తిరుగుతూ ఉంటాడు, ఇంట్లో ఉండేది తక్కువ.

మాటలు ఆగిన రోజు ఒకటి వచ్చింది.

కత్తెరమ్మ సుద్దగీత లావెక్కుతూ ఉండడం వదినగారు ముందే గమనించింది. ఒకప్పుడు వెంట్రుకంత ఉండే గీత, దారమంత అయి, తాడంత అయింది. ఆపైన ఒకరోజు కాలరు ముక్క ఒకటి పనికిరాకుండా పోయింది. కత్తెరమ్మ దాన్ని ఎవరూ చూడకుండా పీలికల బుట్టలో అడుక్కి తోసింది. గుండీకి గుడ్డ వెతుక్కుంటూ వదినగారు బుట్ట కెలికి దాన్ని బయటికి తీసింది. ఇద్దరూ ఆ ముక్కను చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పూటంతా అనలేదు. కోడలు భయపడి మొగుడికి ఫోన్ చేసింది.

కంటి డాక్టరు లైటు వేసి చూసి, కంటి వెనక పొర మధ్యలో అరిగిపోయిందన్నాడు. చూపు మొత్తం పోదట. పక్కలనుంచి కనిపిస్తుందట, మధ్యలో మాత్రం మచ్చలా మసక.

"అంటే నేను చూడాలనుకున్నది ఒక్కటీ కనపడదు, అక్కర్లేనిదంతా కనపడుతుంది. అంతేనా?" అంది కత్తెరమ్మ.

డాక్టరుకి నవ్వాగలేదు. "పెద్దదిగా ఉండి, వెనకనుంచి వెలుతురు పడితే కనిపిస్తుందమ్మా. తల కొంచెం పక్కకి తిప్పి చూడడం అలవాటు చేసుకోండి" అన్నాడు.

దారి పొడుగునా కత్తెరమ్మ తల పక్కకి తిప్పుకుంటూనే వచ్చింది. "గింజ కోసం చూసే కోడిలా ఉన్నావే" అంది వదినగారు. "గింజ దొరికితే చాలు, కోడైతే ఏం" అంది కత్తెరమ్మ. మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

కోడలు మంచిపిల్ల. అత్తగారి పక్కన కూర్చుని మెల్లగా, "కటింగ్ బయట ఇచ్చేద్దాం అత్తయ్యా. మీరు కుర్చీ వేసుకుని చూస్తూ ఉండండి" అంది.

"చూస్తూ ఉండమంటున్నావా? చూడలేకపోవడమే కదే నాకొచ్చిన రోగం!"

ఈ పిల్లకి పెళ్ళికి ముందే కంప్యూటర్లో బట్టల కొలతలు గీయడం వచ్చు. కొట్టులో ఒక మూల పాత కంప్యూటరు పెట్టుకుని, కొలతలు కొడితే వీపు, ముందుభాగం, చెయ్యి గీతలుగా వచ్చేలా చేసి పెట్టుకుంది. కాని దాని తెర పలకంత. అందులో గీత కత్తెరమ్మకి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కొలతలకి గీసి కత్తిరించిపెట్టుకున్న పాత పేపర్ కటింగులు చిరిగిపోతే కొత్త కాగితం మీదికి ఎత్తుకోవడానికి ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. చిరిగినదాన్ని కిటికీ అద్దానికి అంటించి, పైన కొత్త కాగితం పెడితే, వెనకనుంచి ఎండ పడి గీత పైకి తేలుతుంది. దాని వెంటే పెన్సిలు పోనిస్తే సరి. కత్తెరమ్మ ఒక మధ్యాహ్నం ఆ కిటికీ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత కోడల్ని పిలిచింది.

"నీ కంప్యూటరు కిటికీ అంత తెర మీదికి వస్తుందా?"

"పెద్ద టీవీకి తగిలిస్తే వస్తుందత్తయ్యా."

"మనిషి భుజం ఎంత ఉంటే అంతే వస్తుందా? అసలు కొలతకి?"

"తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు."

"అయితే టీవీ తెప్పించు. వెనకనుంచి వెలుతురు పడాలని డాక్టరే చెప్పాడుగా. దానికి ఎండతో పని లేదు, మబ్బుతో పని లేదు."

పక్క వీధిలో మూసేసిన జిమ్ గోడకి వేలాడే వెడల్పాటి టీవీ అలా కొట్టులోకి వచ్చింది. టీవీ మెకానిక్కు దాన్ని కత్తిరించే బల్లకి ఎదురుగా, నడుమెత్తున గోడకి బిగించాడు. వైరు కలిపాడు, రిమోట్ నొక్కాడు, బొమ్మ వచ్చింది, వెళ్ళిపోయాడు. మిగతా సర్దుబాటంతా కోడలు ఆ సాయంత్రం ఒక్కర్తే కూర్చుని చేసుకుంది.

పొద్దున వదినగారు వచ్చి చూసేసరికి గోడంతా వెలిగిపోతోంది. కంప్యూటరు తెరవగానే వచ్చే ఫోటోలో తమ్ముడి కొడుకు, కోడలు పక్కపక్కన నిలబడి ఉన్నారు.

"ఏమే, నువ్వు ఒళ్ళు చేశావేంటి?"

"పెద్ద టీవీ కదా పెద్దత్తయ్యా. పెద్దగానే కనపడతాం."

"పెద్దగా వేరు, లావుగా వేరు. పొడుగు పెరక్కుండా లావు పెరిగావు. వీడి మొహం చూడు, పంపరపనసకాయలా. లారీ మీద తిరిగేవాడికి అంత తిండి ఎవరు పెడుతున్నారు?"

"వదినా, పొద్దున్నే పిల్లని పట్టుకోకు" అని కత్తెరమ్మ అడ్డొచ్చింది. "ఈవిడకి ఎవరు ఎదురైనా లావో సన్నమో, నలుపో పొట్టో. నువ్వు పని చూడవే."

కోడలు మూతి ముడుచుకుని ఫోటో మూసేసింది. ఆ మాట అక్కడితో పోయింది.

అప్పుడే ఆసుపత్రి నుంచి పని వచ్చింది. నర్సులందరికీ కోట్లు కుట్టాలి. ముందు పెద్దనర్సు కొలతకి ఒకటి కుట్టి చూపిస్తే, నచ్చితే మిగతావన్నీ ఇస్తారట. లారీ కొడుకు ఫోన్లో, "అమ్మా, ఇంతపని ఇప్పుడెందుకు? చాలించు" అన్నాడు. కత్తెరమ్మ ఫోను పెట్టేసి కోడల్ని, వదినగారిని ఇద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచింది. కత్తెర బల్ల మధ్యలో పెట్టింది.

"ఈ కోటు ఆవిడకి నప్పిందా, ఈ బల్ల నాది. నన్నెవరూ కుర్చీలో కూర్చోబెట్టకూడదు. నప్పలేదా, కత్తెర కోడలికిచ్చేసి నేనే పక్కకి జరుగుతా. తర్వాత అత్తయ్యా రా అని బతిమాలినా రాను."

"అంత పంతం ఎందుకత్తయ్యా..."

"పంతం కాదే, పద్ధతి. గుడ్డ పాడుచేసే చెయ్యి బల్ల మీద ఉండకూడదు. అది నా చెయ్యైనా సరే."

భుజాన్నుంచి నడుము దాకా ఉండే భాగమే తెర మీద పెట్టుకున్నారు, చంక వంపూ, మెడ వంపూ అక్కడే ఉంటాయి కాబట్టి. కింద అంతా తిన్నని గీతలే, స్కేలు పెట్టి లాగేయొచ్చు. కోడలు బొమ్మను పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, కత్తెరమ్మ తెరకి టేపు ఆనించి, పైనుంచి కిందికి పొడవు సరిపోయిందనగానే "ఆపు" అంది. పొడవు కుదిరితే వెడల్పు కుదిరినట్టేనని ముగ్గురూ అనుకున్నారు. సుద్దతో గుడ్డ మీద గీసే రోజుల్లో కత్తెరమ్మ ఆ మాట కలలో కూడా అనుకునేది కాదు. గాజుతెర, కరెంటు, కంప్యూటరు అన్నీ కలిసి చెబుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

తెల్లకాగితం తెరకి అంటించి, తల పక్కకి వాల్చి, కత్తెరమ్మ పెన్సిలు పోనిచ్చింది. గీత ఆవిడకి కనిపించింది. అంచుల్లో నూగు పట్టినట్టు ఉంది గాని, కనిపించింది. చాలా రోజుల తర్వాత ఆవిడ పని చేస్తూ కూనిరాగం తీసింది. "గాడిద దాహమేసి అరుస్తోంది, నీళ్ళివ్వండే" అంది వదినగారు. లోపల మాత్రం ఆవిడకీ హాయిగానే ఉంది.

పెద్దనర్సు నెమ్మదైన మనిషి. కోటు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత "కొంచెం వదులుగా ఉందేమోనమ్మా" అంది.

కొంచెమా! భుజం కుట్టు భుజం దిగి చెయ్యి మీదికి జారింది. వీపు మీద గుడ్డ గాలికి ఎగిరే తెరచాపలా ఉంది. పొడవు మాత్రం దారప్పోగు తేడా లేదు. కత్తెరమ్మ దగ్గరికెళ్ళి రెండు చేతులతో ఆవిడ భుజాలు తడిమింది. కుట్టు ఎక్కడుందో వేళ్ళకి తెలిసింది. చేతులు అక్కడే ఆగిపోయాయి.

"వారం చివర మళ్ళీ వస్తాను. తొందరేం లేదు" అని పెద్దనర్సు కోటు విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

కోడలు తల వంచుకుంది. వదినగారి సూది గుండీలోనే ఉండిపోయింది. కత్తెరమ్మ కత్తెర కోడలి చేతికిస్తుందేమోనని ఇద్దరూ చూస్తున్నారు. ఆవిడ అందుకుంది గాని, కత్తెర కాదు. బ్లేడు.

మెడ విప్పింది. చేతులు విప్పింది. నగలావిడ గౌను విప్పిన రోజులాగే, కాకపోతే ఈసారి కంటితో కాకుండా వేలితో కుట్టు వెతుక్కుంటూ విప్పింది. ముక్కలు కాగితం మీద పెట్టి అంచులు తడిమి చూసుకుంది. గుడ్డా కాగితమూ ఒక్కటే. కాగితం తీసుకెళ్ళి తెరకి అంటించింది. కాగితమూ తెరా ఒక్కటే.

"చెయ్యి తప్పలేదు" అంది. "టేపు పట్టవే. ఛాతీ ఎంత కొట్టావు కంప్యూటర్లో?"

కోడలు అంకె చెప్పింది.

"తెర మీద అడ్డంగా కొలు."

కోడలు కొలిచింది. మళ్ళీ కొలిచింది. "ఎక్కువుందత్తయ్యా. పొడవు సరిగ్గానే ఉంది. అడ్డమే ఎక్కువుంది."

"ఉన్న మాటంటే ఉలుకెక్కువ!" అని వదినగారు పీట మీంచి లేచింది. "నేను మొదటిరోజే చెప్పానా లేదా? ఫోటోలో పొడుగు పెరక్కుండా లావు పెరిగారని మొత్తుకున్నానా? నా నోరు చెడ్డదని మీరు చెవులు మూసుకున్నారు. ఆ టీవీ మనుషుల్నే లావు చేసింది, కోటొక లెక్కా?"

కత్తెరమ్మ వదినగారి వైపు తల తిప్పింది. నేరుగా తిప్పితే మొహం కనపడదు కాబట్టి పక్కగా తిప్పింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత ఒకటి పట్టుకొచ్చింది.

"ఇంత సున్నా ఒకటి గియ్యవే కంప్యూటర్లో."

కోడలు గీసింది. కత్తెరమ్మ మూత తెరకి ఆనించింది. పైనా కిందా సున్నా మూత అంచుకి సరిపోయింది. అటూ ఇటూ మాత్రం మూత దాటి బయటికి పొంగింది.

"ఇది సున్నా కాదు, పడుకున్న గుడ్డు" అంది వదినగారు.

మెకానిక్కుకి ఫోన్ చేశారు. "బొమ్మ వస్తోందా అమ్మా?" అన్నాడు. "వస్తోంది నాయనా, వచ్చి కొంప ముంచుతోంది" అంది కత్తెరమ్మ. అది టీవీ తప్పు కాదని, కంప్యూటరు ఎంత సైజు బొమ్మ పంపుతుందో అందులో సరిచేసుకోవాలని, దాన్నే రిజల్యూషన్ అంటారని, ఈ టీవీకి అడ్డంగా పందొమ్మిది వందల ఇరవై, నిలువుగా వెయ్యిన్నెనభై చుక్కలు ఉండాలని చెప్పాడు. "మొన్న నేను పెట్టినప్పుడు అదే ఉందే. ఎవరు మార్చారు?"

కోడలు మొహం పాలిపోయింది.

"నేనే అత్తయ్యా" అంది. "అది పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మీకు కనపడవని, ఒక్కోటీ నొక్కి చూసి, పాత తెరకి ఉండేది పెట్టాను. అందులో అన్నీ పెద్దగా కనిపించాయి. తెర నిండా సాగి వచ్చింది కదా, బాగుందనుకున్నాను. మీ కోసమే..."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదినగారు అనడానికి నాలుక మీద నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ బయటికి రాకముందే కత్తెరమ్మ చెయ్యెత్తింది.

"ఏడుపు తర్వాత. అక్షరాలు నాకెందుకే? నేను చదివే బడి ఏముంది? నాకు కావలసింది గీత. కూర్చో. సున్నా గుండ్రంగా వచ్చేదాకా ఇక్కడ్నించి ఎవరూ లేవకూడదు."

ఉడుంపట్టు పట్టింది. కోడలికి ఇంకా అత్తగారి కళ్ళ మీద జాలి పోలేదు, అక్షరాలు మరీ చిన్నవి కాకుండా సున్నా గుండ్రంగా వచ్చేది మధ్యలో ఏదైనా ఉందేమోనని వెతికింది. ఒకటి నొక్కితే సున్నా గుమ్మడికాయలా నలిగింది. ఇంకోటి నొక్కితే తెరంతా నల్లబడి, సిగ్నల్ లేదని రాసింది. "చంపేశావే దాన్ని!" అని వదినగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. కాసేపటికి అదే తిరిగి ప్రాణం పోసుకుంది. మనం సరే అనకపోతే పాతదానికే వెళ్ళిపోతుందట. "నయం, దానికైనా వెనక్కి తగ్గడం తెలుసు" అంటూ వదినగారు మరదలి వైపు చూసింది.

ఇంకోటి నొక్కితే సున్నా మూతకి సరిగ్గా సరిపోయింది. కోడలు సంతోషంగా చప్పట్లు కొట్టింది. "ఇందులో అక్షరాలు కూడా పెద్దవే అత్తయ్యా!"

కత్తెరమ్మ తల వాల్చి చూసింది. "గుండ్రంగానే ఉంది. కాని గీతకి బొచ్చుంది. ఇంకా ఉందా?"

"ఉన్నది అసలుదే. మెకానిక్కు చెప్పింది."

"అదే పెట్టు."

కోడలు నొక్కింది. తెర ఒక్కసారి రెప్ప వేసి తెరిచింది. అక్షరాలు నిజంగానే చీమలయ్యాయి. సున్నా మాత్రం కొత్త సూది గీసినట్టు, నూగు లేకుండా నిలబడింది. కత్తెరమ్మ దగ్గరికి జరిగింది. వేలు పెట్టి సున్నా చుట్టూ తిప్పింది. ఇంకోసారి తిప్పింది.

"ఇన్నాళ్ళూ ఆ బొచ్చు నా కంట్లో ఉందనుకున్నాను" అంది.

వదినగారు తన చీర కొంగుకి ఏదో దారప్పోగు అంటుకున్నట్టు దులుపుకుంది. అక్కడ దారప్పోగు ఏమీ లేదు.

గొడవ అక్కడితో అయిపోలేదు. వీపు ముక్క తెర మీదికి తెస్తే దాని అంచు తెర బయటికి పోయింది. నాలుగు వైపులా వేలెడంత ఎవరో మింగేసినట్టు మాయమైంది. ఈసారి తప్పు రిమోట్‌ది. జిమ్ వాళ్ళ కాలం నుంచి టీవీ బొమ్మను సాగదీసి అంచులు కోసేలా పెట్టి ఉంది. బొమ్మ సైజు అని ఉన్నచోట కోడలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయి, వచ్చింది వచ్చినట్టు చూపించేదాన్ని పట్టుకుంది. అంచు తిరిగొచ్చింది. అక్షరాల పెద్దరికం మార్చడానికి వేరే చోటుందని కూడా ఆ వెతుకులాటలోనే తెలిసింది. రిజల్యూషన్ ముట్టుకోకుండానే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. "ఇది ముందే తెలిసుంటే..." అని కోడలు తల కొట్టుకుంది. "ముందే తెలిస్తే పెద్దత్తయ్య ఎవర్ని తిడుతుంది? ఆవిడకీ పని ఉండాలిగా" అంది కత్తెరమ్మ.

ఫోటో తెరిచి చూశారు. కోడలు మళ్ళీ సన్నబడింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంది వదినగారు. ఆవిడ నోట్లోంచి వచ్చే మాటల్లో అది ముద్దుమాట కిందే లెక్క.

ఈసారి టేపు నిలువుగానూ పెట్టారు, అడ్డంగానూ పెట్టారు, మూలనుంచి మూలకీ పెట్టారు. కాగితం ఎత్తుకున్నారు. కొత్త గుడ్డ పరిచారు. కత్తెరమ్మ కత్తెర తీసుకుంది. వదినగారు పీట బల్ల దగ్గరికి జరుపుకుని, గుండీలు కుడుతున్నట్టే కుడుతూ ఆ కత్తెర మొననే చూస్తోంది. భుజం దాటింది, చంక వంపు తిరిగింది, గీత మీదే పోతోంది. మెడ దగ్గరికొచ్చేసరికి, వంపు బిగుసుగా ఉన్నచోట, కత్తెర గీత వదిలి బయటికి జరిగింది. దారప్పోగంత. మళ్ళీ గీత ఎక్కింది.

వదినగారి సూది గుండీ కంతలో ఆగింది. నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. కుట్టులో కలిసిపోతుందిలే, దారప్పోగే కదా అనుకుంది. అది నిజమే, కుట్టులో కలిసిపోయింది కూడా.

పెద్దనర్సు చెప్పినట్టే వారం చివర వచ్చింది. కోటు తొడుక్కుంది. చేతులు పైకెత్తింది, వంగింది, లేచింది, జేబుల్లో చేతులు పెట్టుకుంది. "ఇదీ కోటంటే" అంది. మిగతా అందరి కొలతలు ఎప్పుడు తీసుకుంటారని అడిగింది. కోడలు అత్తగారి చేతికి కత్తెర అందించి, "ఈ బల్ల ఇక మీదే అత్తయ్యా" అంది. ఆ పిల్ల అన్నది నిండు మనసుతో. వదినగారు అది కూడా గమనించింది.

పెద్దనర్సుని సాగనంపడానికి కోడలు సందు మొదటిదాకా వెళ్ళింది. కొట్టులో ఇద్దరే మిగిలారు. తెర మీద సున్నా ఇంకా వెలుగుతోంది. కత్తెరమ్మ పీలికలు బుట్టలో వేస్తూ, వదినగారి వైపు చూడకుండానే అడిగింది.

"మెడ దగ్గర కత్తెర గీత దాటింది కదూ?"

వదినగారు ఉలిక్కిపడింది. "నీకెవరు చెప్పారు?"

"నీ సూది. టకటకా పోయేది ఆగింది. నువ్వేమైనా అంటావేమోనని చూశాను. అనలేదు."

"దారప్పోగంత తప్పుకి నోరు చేసుకోవడం దేనికని..."

"అక్షరాలు కొంచెం సాగితే ఏం పోయిందిలే అని కోడలూ అలాగే అనుకుంది." కత్తెరమ్మ బుట్ట పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, వదినగారి పీటకి ఎదురుగా నేల మీద చతికిలబడింది. మొహం కనపడేలా తల పక్కకి వాల్చింది. "ఇటు చూడు వదినా. ముప్ఫై ఏళ్ళలో నువ్వు నాకు ఒక్క తీపిమాట చెప్పలేదు. నా కూర బాగుందన్లేదు, నా చీర బాగుందన్లేదు. నా పెళ్ళినాడే నా ముక్కు పెద్దదన్నావు."

"పెద్దదేగా మరి!"

"అదే అంటున్నా. ఆ నోరు మొన్న నా మీద జాలి పడింది. నాకది ఒద్దు. జాలి పడడానికి కోడలుంది, కొడుకున్నాడు, డాక్టరున్నాడు. అందరూ నాకు కనపడాలని అన్నీ సాగదీసి పెడతారు. లావైతే లావైందని చెప్పే మనిషి ఈ కొంపలో నువ్వొక్కదానివే."

వదినగారు దారం కొరికింది. అక్కడ కొరకాల్సిన దారం లేదు.

"ఇంతకీ ఏం చెయ్యమంటావే?"

"రోజూ పొద్దున కత్తెర పట్టకముందు ఆ మూత తెరకి పెట్టి, సున్నా గుండ్రంగా ఉందో లేదో చెప్పు. అది చిన్నపని. పెద్దపని ఇంకోటుంది. నేను కత్తిరిస్తున్నంతసేపూ మొన్నటిలాగే కత్తెర మొనే చూస్తూ ఉండు. గీత దాటిన ప్రతిసారీ దాటిందని అరువు. దాటడం ఎక్కువైన రోజున, ఇంక చాలు, కత్తెర దించవే అని చెప్పు. ఆ మాట నాకు నువ్వే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా వినను. చెప్పేటప్పుడు మాత్రం ఎప్పట్లా తిట్టి చెప్పు వదినా. మెత్తగా చెప్పావో, నేను నమ్మను."